దేవుని బియ్యం, మా ఇంటి కొర్రలు

మా అమ్మ పెళ్ళికొడుకును చూసి పెళ్ళి చేసుకోలేదు, కాలువను చూసి చేసుకుంది. ఈ మాట నేను కల్పించింది కాదు. నేను కల్పించేవి ముందున్నాయి, వచ్చినప్పుడు చెబుతాను.

ఆమె పుట్టింది రాయచోటి పక్క ఒక మెట్ట పల్లెలో. అక్కడ వాన పడితే జొన్న, అరకొరగా పడితే కొర్ర, అసలే పడకపోతే చెంచలాకు. వరన్నం మాత్రం క్రిస్మస్ నాడు, లేకపోతే ఎవరి పెళ్ళిలోనైనా. మా నాయన సంబంధం తెచ్చిన పెద్దమనిషి అబద్ధం ఆడలేదట. "పిల్లోడు పొట్టి, కోపం శానా, సదువు లేదు" అని ఉన్నవన్నీ చెప్పి, చివర్లో "కాలవ కింద రెండెకరాలుండాది, ఇంట్లో పూటపూటకూ వరిబువ్వ" అన్నాడట. అంతకుముందు చెప్పినవేవీ ఆమె చెవిన పడలేదు. కోయిలకుంట్ల పక్కనున్న మా ఊరికి కాపురానికొచ్చిన రోజు ఆమె అన్నం బాన అడుగు గీకుతున్న చప్పుడు విని, కాలువకు గండి పడిందనుకుని మా తాత పార భుజానేసుకుని పరిగెత్తాడట. ఇది మాత్రం నేను కల్పించిందే. ఎన్నిసార్లు చెప్పానంటే, ఇప్పుడు మా అమ్మే అది జరిగిందంటుంది.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టాక, కొలిచిన బియ్యంలోంచి ఇంటి ఆడమనిషి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది. అది దేవుని బియ్యం. కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చెప్పి వేసేవాళ్ళున్నారు, కోడలిని తిడుతూ తిట్టుకూ తిట్టుకూ మధ్య వేసేవాళ్ళూ ఉన్నారు. దేవుడు రెండూ తీసుకుంటాడు. శనివారం పొద్దున ఒకామె సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ డబ్బాలు దులుపుకొస్తుంది. తెల్లవారేదాకా సంచి ఆమె ఇంట్లోనే ఉంటుంది. ఆదివారం ఆరాధన ముగిశాక ఆ బియ్యం వేలం వేస్తారు, వచ్చింది చర్చి ఖర్చులకు పోతుంది.

మా వీధికి ఆ ఒకామె మా అమ్మ. నాయన పోయిన ఏడు ఆడవాళ్ళంతా కలిసి ఆ సంచి ఆమె భుజానికి తగిలించారు. ఏడుస్తూ మూల కూర్చోకుండా నాలుగు గడపలు తిరుగుతుందని వాళ్ళ ఉద్దేశం. ఆ రోజునుంచి ఆమె నడకే మారింది. శనివారం వస్తే పెట్టెలోని చీర తీసి కట్టేది, తలకు నూనె పెట్టేది. ఎవరింట్లో ఏం వండుతున్నారో, ఏ అత్తాకోడళ్ళకు మాటల్లేవో ఆమెకు తెలియనిది లేదు. గుమ్మంలో నిలబడి, "ఏమ్మే, ఈ వారం నీ పిడికిలి ముడుసుకున్నట్టుండాదే, సలేస్తాందా?" అని ఎంతటి ఇల్లాలినైనా అనగలిగిన మనిషి ఆ వీధిలో ఆమె ఒక్కతే. ఎవరూ తిరిగి మాట అనేవాళ్ళు కాదు, గబగబా లోపలికి పోయి ఇంకో పిడికెడు తెచ్చేవాళ్ళు. సంచి భుజాన ఉంటే ఆమె దేవుడి తరఫున వచ్చిన మనిషి. సంచి లేకపోతే పళ్ళూడిన ఒక ముసలిది. ఈ సంగతి ఆమెకు నాకన్నా బాగా తెలుసు.

ఇక మా ఆవిడ. ప్రభుత్వ బడిలో సైన్సు చెబుతుంది. ఆమెతో చిక్కేమిటంటే, ఆమె చెప్పేది ఎప్పుడూ నిజమే. అబద్ధాలాడే మనిషితో కాపురం చేయొచ్చు. ఆమె నాతో చేయడం లేదా? నిజాలు చెప్పే మనిషితోనే కష్టం.

ఆ ఏడు ఎండలు ఎట్లా కాశాయంటే, మా వాకిట్లో నీడ తట్టుకోలేక లేచి ఇంట్లోకొచ్చి మంచం కింద పడుకుందని నేను టీ అంగట్లో చెబితే అందరూ నవ్వారు గానీ ఒక్కడూ కాదనలేదు. కాలువకు నీళ్ళు వదిలారన్నారు. మాది కాలువ చివరి మడి, నీళ్ళు పైవాళ్ళ దగ్గరే ఆగిపోయాయి. నారు నిలువునా ఎండింది. ఆ తరవాత, ఎవరికీ అక్కర్లేనప్పుడు, వానంతా ఒకేసారి కుమ్మరించి ఆ ఎండిన నారును కూడా ఊడ్చుకుపోయింది. మా ఆవిడ గట్టు మీద నిలబడి మడిని చూసి ఒక్క మాట అనలేదు. నేను అప్పుడే అనుకున్నాను, ఈమె మౌనం మన కొంప మీదికొచ్చేట్టుందని.

వచ్చింది. టీచర్లకు వాతావరణం గురించి ఏదో శిక్షణ ఉందని పోయి వచ్చి, మొదట మిద్దె మీద తెల్ల సున్నం కొట్టించింది. నవ్వాను. ఇల్లు నిజంగానే చల్లబడింది, నవ్వు మానేశాను. బట్టలుతికిన నీళ్ళు బెండచెట్లకు పోయేట్టు కాలువ తీయించింది. నేను అంగడికి గుడ్డసంచి లేకుండా పోతే వెనక్కి పంపింది. తరవాత నా మోటారుసైకిలు అమ్మించి సైకిలు కొనిచ్చింది. తన స్కూటీ ఉంచుకుంది, బడికి టయానికి పోవాలి కదా. ఏసీ కూడా ఉంచింది, కాకపోతే ఇదివరకటికన్నా తక్కువ చల్లగా పెట్టాలని నియమం. పేపర్లు దిద్దేటప్పుడు చెమట కారితే మార్కులు తప్పుతాయట. ఆ గదిలో నేను కూడా పడుకుంటాను కాబట్టి ఆ విషయం ఎత్తలేదు. మా అమ్మ మంచం వసారాలో. కూతురు కర్నూలు హాస్టల్లో ఉండి తప్పించుకుంది.

బడిలో సైన్సు ప్రదర్శనకు తెచ్చిన సూర్యుడి పొయ్యి ఒకటి ఇంటికి తీసుకొచ్చి మిద్దె మీద పెట్టింది. అద్దం మూత ఉన్న పెట్టె, లోపల నల్ల రంగు పూసిన గిన్నె. గింజలూ నీళ్ళూ పోసి ఎండకు తిప్పి పెడితే చాలు, మంట లేకుండా ఉడుకుతుంది. మా అమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి చూసింది.

"ఇదేందిరా, దీంట్లో మొగం సూసుకుంటే కడుపు నిండుతాదా?"

"ఎండతో ఉడుకుతాది అత్తా. గ్యాసు ఖర్చు లేదు, పొగ లేదు," అంది మా ఆవిడ.

"ఎండలో నేనూ ఉడుకుతాండా పాపా. నాకూ ఒక మూత పెట్టు."

మరుసటి పంటకారుకు పొలంలో వరి వద్దని కొర్ర వేయించింది. ఊరంతా నన్ను చూసి జాలిపడింది. ఆ ఏడు కూడా కాలువ చివరికి నీళ్ళు రాలేదు. పక్క మళ్ళలో వరి మాడింది, మా కొర్ర మాత్రం పొట్టిగానే అయినా తల వంచుకుని పండింది. కొర్రల బస్తాలు ఇంట్లోకి చేరిన రోజు రాత్రి అన్నాల దగ్గర మా ఆవిడ తీర్పు చెప్పింది.

"ఇంక మన ఇంట్లో బియ్యం కొనేది లేదు. పండించిందే తిందాం."

రేషను బియ్యమైనా వస్తాయనుకోవడానికి లేదు, జీతం వచ్చే ఇల్లని మా కార్డు ఏనాడో తీసేశారు.

మా అమ్మ ముద్ద కలుపుతున్నది ఆగింది. "పండగకు?"

"పండగకు కొర్ర పాయసం చేస్తా. నీళ్ళు నిలబెట్టిన మడిలోంచి ఒక గాలి లేస్తాది అత్తా, అది భూమిని ఇంకా ఉడకబెడతాది. ఆ నీళ్ళు గూడా మనకు యాడుండాయి?"

"కొర్రలు నాకు తెలీవా పాపా? నువ్వు పుస్తకంలో సూసినావు, నేను కడుపులో సూసినా. ఆ కొర్రలను ఇడిసిపెట్టి రావాలనే గదా ఈ ఊరికొచ్చింది."

"అప్పుడు లేక తిన్నారు. ఇప్పుడు తెలిసి తింటాండాం. తేడా లేదా?"

"నాలికకు ఆ తేడా తెలీదు."

"చక్కెర జబ్బు కూడా రాదు."

"నాకు లేదు గదా."

"రాకుండానే అత్తా."

"సావు గూడా రాకుండా ఆపుతాదేమో అడుగు, రెండు ముద్దలు ఎక్కువ తింటా."

మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు, బడిలో వెనక బెంచీ పిల్లల్ని చూసి నవ్వేది. మరుసటి రోజునుంచి మా ఇంట్లో అన్నం పసుపు రంగుకు తిరిగింది. నేను అంగట్లో టీ తాగి, హోటల్లో దోసె తిని, ఇంటికొచ్చి భూమి కోసం రెండు ముద్దలు తినేవాణ్ణి. మా అమ్మకు అంగడి లేదు, హోటలు లేదు. ఆ ఇంట్లో మార్పుల్లో ఎక్కువ భాగం ఎవరి పళ్ళెంలో పడిందో కనిపెట్టడానికి సైన్సు చదవనక్కర్లేదు.

అసలు దెబ్బ శనివారం తగిలింది. మా ఇంటి డబ్బాలో మా ఆవిడ పిడికెడు పిడికెడు చొప్పున కొర్రలు వేసింది. దేవుని బియ్యంలో అవి కలిపితే ఏరలేరు కాబట్టి మా అమ్మ విడిగా పొట్లం కట్టుకుపోయింది. ఆదివారం వేలంలో అయ్యగారు, అంటే మా పాస్టరు, ఆ పొట్లం విప్పి పైకెత్తి చూపించారు.

"పిచ్చుకలకా అయ్యగారూ?" అని వెనకనుంచి ఒకడు.

చర్చి అంతా నవ్వింది. అయ్యగారు కూడా నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను, ఎంత ఆపుకున్నా ఆగలేదు. మా అమ్మ ఒక్కతే కదలకుండా కూర్చుంది. వీధిలో ప్రతి పిడికిలినీ తూచిన మనిషి ఇంటినుంచి పిచ్చుకల మేత వచ్చింది.

కొన్ని వారాల తరవాత, ఒక శనివారం మధ్యాహ్నం బెండచెట్లకు నీళ్ళు చాలలేదని మిద్దె మీది తొట్టి చూద్దామని మెట్లెక్కాను. మా ఆవిడ బడికి పోయింది. పైమెట్టు దగ్గర ఆగిపోయాను. మా అమ్మ అటు తిరిగి కూర్చుని ఉంది. పక్కన సూర్యుడి పొయ్యి మూత తెరిచి ఉంది. ఒళ్ళో నల్ల గిన్నె, గిన్నెలో తెల్లటి అన్నం, ఆవిరి. కూర లేదు, చారు లేదు. ఉప్పు అరచేతిలో పోసుకుని అద్దుకుంటూ తింటోంది. ప్రతి ముద్దకూ ముందు కాసేపు దాన్ని చూస్తోంది.

బియ్యం ఎక్కడివో అర్థం కావడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. పొద్దున ఎత్తుకొచ్చిన సంచి కింద వసారాలో కొక్కానికి వేలాడుతోంది. మొగం చూసుకోమని వెక్కిరించిన పెట్టెలోనే వండుకుంటోంది. పొగ లేదు, వాసన లేదు, చప్పుడు లేదు. దొంగవంటకు అంతకన్నా మంచి పొయ్యి ఎవరూ కనిపెట్టలేదు. తొట్టి చూడకుండానే చెప్పులు చేత్తో పట్టుకుని దిగిపోయాను.

ఆమె గిన్నె తోమేది గానీ చూపు ఆనేది కాదు. ఒక సాయంత్రం మా ఆవిడ ఆ నల్ల గిన్నె అంచునుంచి ఒక మెతుకు గీరి తీసి, వేలి కొన మీద పెట్టుకుని నా ముఖం దగ్గరికి తెచ్చింది.

"ఏమయ్యో, కొర్ర ఎప్పటినుంచి ఇంత తెల్లగా, ఇంత పొడుగ్గా అవుతాంది?"

"ఎండకు సాగింటాది," అన్నాను.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. మెతుకును జాగ్రత్తగా గిన్నె అంచుకే తిరిగి అంటించి లోపలికి పోయింది. గట్టు మీద నిలబడ్డ మౌనమే అది.

ఇటు సంచి తగ్గుతున్న సంగతి చర్చిలో కూడా తెలిసింది. ప్రతి వారం వేలంలో ఆ బియ్యం పాడుకునే హోటలాయన "ఈ మధ్య పెద్దమ్మ తెచ్చే సంచి తేలిపోతాంది అమ్మగారూ" అని పాస్టరు భార్యతో అన్నాడట. ఒక శనివారం సాయంత్రం అమ్మగారు ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. వసారాలో కుర్చీలు వేశాను. మా అమ్మ మంచం మీద, సంచి కొక్కానికి, మా ఆవిడ లోపల.

అమ్మగారిది తేనెలాంటి గొంతు. "ఏం లేదు పెద్దమ్మా. ఇండ్లు అన్నే ఉండాయి, పిడికిండ్లు అవే ఉండాయి, బియ్యం మాత్రం తగ్గుతాండాయి. సంచికేమన్నా చిల్లి పడిందేమోనని అడుగుదామని వచ్చినాం."

మా అమ్మ నోరు తెరిచింది గానీ మాట రాలేదు. అంతమంది గుమ్మాల్లో మాట తడుముకోని మనిషి. చూడలేక నేను అందుకున్నాను.

"చిల్లి కాదమ్మగారూ, పందికొక్కు."

"పందికొక్కా?"

"మామూలుది కాదు. మేకపిల్లంతుండాది. సగం మీసం తెల్లబడింది. మామూలు బియ్యం ముట్టదు. బస్తా ఇప్పి పెట్టినా వాసన సూసి పోతాది. దేవుని బియ్యం మాత్రమే తింటాది. నేను కట్టె ఎత్తితే పారిపోలేదమ్మగారూ, ఎనక కాళ్ళ మీద నిలబడి ముందు కాళ్ళు రెండూ జోడించింది. ఆ పొద్దు మన చర్చి మైకులో పాట వస్తాండాది. పాట అయిపోయిందాకా అట్లనే ఉండి, ఆమెన్ అన్నాక తినబట్టింది."

వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుంది. అమ్మగారికి నమ్మకం కుదరలేదు గానీ నవ్వు వస్తోంది. నవ్వితే పని అయిపోయినట్టే. ఇంకో రెండు మాటలు చేరిస్తే లేచి పోయేవాళ్ళు. అప్పుడు మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"నిజమే అమ్మగారూ. నేను గూడా సూసినా."

నా కథకు ఆమె సాక్ష్యం చెప్పడం కాపురంలో అదే మొదటిసారి.

"పాపం, దానికి పండ్లు కూడా లేవు," అంది నెమ్మదిగా, మా అమ్మ వైపే చూస్తూ. "ముందర రెండుండాయి, ఎనక ఏమీ లేవు. ఉడకబెడితే గానీ తినలేదు. దానికి ఉప్పు గూడా కావల్ల."

"ఉడకబెట్టేదేంది టీచరమ్మా?" అంది కాళ్ళు ముడుచుకున్నామె.

"తెలివైన పందికొక్కులే."

లోపలికి పోయి, మిద్దె మీది నల్ల గిన్నె, కొట్టులో గింజల బస్తాల దగ్గర పెట్టే ఎలుకల మందు పొట్లం తెచ్చింది. మా అమ్మ తల మీదుగా చెయ్యి చాచి సంచిలోంచి ఒక పిడికెడు తీసింది. దేవుని బియ్యంలో మందేంటని అమ్మగారు అంటున్నా, "ఒక్క పిడికెడే అమ్మగారూ, మిగతాదాన్ని కాపాడల్ల గదా" అని గిన్నెలో పోసి, పొట్లం విప్పి చల్లి, పుల్లతో కలిపింది. బియ్యం బూడిద రంగుకు తిరిగింది. పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది.

"ఈ గిన్నె దానికి అలవాటే. మిద్దె మీద పెడతా. దానికి బుద్ధుంటే ఈ పక్కకు రాదు. ఇంట్లో శానా కొర్రలుండాయి, అవి తిని బతుకుతాది. సంచి ఎప్పట్లానే బరువుగా వస్తాది. ఎవురికీ ఏమీ తెలీనక్కర్లేదు. ఏం అత్తా?"

వచ్చిన ముగ్గురికీ ఏమీ అర్థం కాలేదు, ఇంట్లో ఉన్న ముగ్గురికీ అంతా అర్థమైంది. కొర్రలు తిను, సంచి ఉంచుకో. నోరు మూసుకుంటే చాలు, నా పందికొక్కు అన్నిటినీ మోసుకుపోతుంది. నేను మా అమ్మకేసి చూసి కళ్ళతో బతిమాలాను, ఊఁ అనమని.

ఆమె గిన్నెలోకి చూసింది. వేలితో ఒక గింజను అంచుకు నెట్టింది. మా ఆవిడ చటుక్కున గిన్నె వెనక్కి లాక్కుంది.

"అమ్మగారూ," అంది మా అమ్మ. "ఆ మందు పారేయించండి, కోళ్ళు తింటాయి. పందికొక్కు ఈడనే కూసోని ఉండాది."

అమ్మగారు మా ఆవిడ వైపు తిరిగారు.

"నేనే తిన్నా. శనారం శనారం తిన్నా. ఈ సంచిలో పిడికెడు మీద పిడికెడు తీసి, ఆ గిన్నెలో ఉడకేసుకోని, ఉప్పద్దుకోని తిన్నా. శానా బాగుండాది."

"పెద్దమ్మా..." అన్నారు అమ్మగారు.

"ఇనండి. నా సిన్నప్పుడు మా అమ్మ సేన్లో పందికొక్కు బొక్కలు తవ్వేది. అది దాసుకున్న కొర్ర ఎన్నులు తెచ్చి దంచి మాకు పెట్టేది. బొక్కలో సెయ్యి పెట్టి ఏలు కొరికించుకునింది గూడా. దాని తిండి గుంజుకోని తిని పెరిగినా. ఇప్పుడు నా కొడుకు దాని పేరు నాకు పెట్టినాడు, కోడలు దాని మందు నాకు పెట్టింది. సరిపాయ."

ఎవరైనా ఏడుస్తారేమో అనుకున్నాను. కాళ్ళు ముడుచుకున్నామె కాళ్ళు కిందికి దించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక నవ్వుతోంది. రెండో ఆమె చూపు సంచి మీద ఉంది, తన ఇంటి పిడికెడు ఏ వారం పోయిందో లెక్క వేసుకుంటున్నట్టు.

అమ్మగారు లేచి మా అమ్మ తల మీద చెయ్యి పెట్టారు. తేనె గొంతు ఏమాత్రం మారలేదు.

"క్షమించేదానికి దేవుడుండాడు పెద్దమ్మా. సంచి మాత్రం ఇట్ల ఇయ్యండి."

మా అమ్మే లేచి సంచి కొక్కెంనుంచి తీసింది. అమ్మగారు దాన్ని అందుకుని, అటూ ఇటూ చూసి, మా ఆవిడ చేతిలో పెట్టారు. "టీచరమ్మా, ఇంక నువ్వే తిరుగు. నీ ఇంట్లో అయితే బియ్యం తినేవాళ్ళు లేరు గదా."

మా ఆవిడ ఇది అనుకోలేదు. వద్దనడానికి నోరు తెరిచింది. ఈలోగా మా అమ్మ సంచి అంచు పట్టుకుని చూపించింది. "ఈ పక్క కుట్టు ఊడుతాండాది, కుట్టిచ్చుకో. లేకుంటే నిజంగా చిల్లి పడతాది." ఆ మాట చెప్పి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. మందు కలిపిన బియ్యాన్ని పెరట్లో లోతుగా గుంత తీసి నేనే పూడ్చాను. ఆ పని నాకు ఎవరూ చెప్పలేదు.

తరవాతి శనివారంనుంచి మా ఆవిడ బడికి పోయేముందే సంచి పట్టుకుని బయల్దేరింది. ఆమె బయల్దేరే వేళకు మా అమ్మ లేచి వంటింట్లోకి పోయి, వీధి మొదలునుంచి చివరిదాకా ఆమె తిరిగొచ్చేంతవరకు బయటికి వచ్చేది కాదు. పెట్టెలోని చీర పెట్టెలోనే ఉంది. నేను ఒకసారి తీసి కట్టుకోమంటే, "యాడికి పోను?" అంది.

మా ఆవిడ సంచి మోసి ఊరుకునే రకమా? ప్రతి గుమ్మంలో నిలబడి, పిడికెడు పడగానే పాఠం మొదలుపెట్టింది. ఈ పిడికెడు ఎన్ని నీళ్ళు తాగిందో, కాలువ ఎందుకు మన దాకా రావడం లేదో, వారానికి రెండు పూటలైనా కొర్ర వండితే ఏమవుతుందో. మా అమ్మ తిట్లను నవ్వుతూ పడిన ఇండ్లు ఈ పాఠాన్ని మాత్రం పడలేకపోయాయి. తిట్టు ఒక్కొక్కరిని తిట్టేది, పాఠం అందరినీ ఒకే తిట్టు తిట్టేది. ఆమె చెప్పేది నిజమని వాళ్ళకూ తెలుసు. వాళ్ళ మళ్ళు కూడా ఎండాయి. అందుకే ఇంకా మండింది.

వాళ్ళ జవాబు గిన్నెలో వచ్చింది. మూతపెట్టిన గిన్నె. ఆదివారం మధ్యాహ్నం, మా ఆవిడ వంటింట్లో ఉండగా, కొంగు వెనక నవ్వినామే గుమ్మంలో నిలబడి వీధంతా వినేట్టు పిలిచింది.

"పెద్దమ్మో! వరిబువ్వ తెచ్చినా. ఉడుకుడుకు తిను. పాపం, కొర్రలు తిని తిని గొంతు గీరుకుపోయింటాది!"

మరుసటి రోజు ఎదురింటామె. ఆ మరుసటి రోజు ఇంకొకామె, పప్పు కూడా పోసుకుని. పోటీలు పడ్డారు. జాలి అంత ఉత్సాహంగా నడవడం నేను ఎక్కడా చూడలేదు. ఒక ఇంట్లో వద్దన్న బియ్యానికి బదులు ఇంటింటా అర్ధశేరు ఎక్కువ వండుతున్నారు. ఈ లెక్క మా ఆవిడకు చెబితే నా మీదికి గరిటె వచ్చింది. సంచి గుంజుకున్నవాళ్ళే అన్నం పెడుతున్నారన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, మా అమ్మకు తప్ప. ఆమె ప్రతి గిన్నెనూ వాకిట్లో అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకు కనబడేట్టు తినేది. తిన్నాక గిన్నె కడిగి, బోర్లించి, ఇచ్చినామె వచ్చి తీసుకుపోయేదాకా అరుగు మీదినుంచి లేచేది కాదు.

చివరికి మా ఆవిడే దిగొచ్చింది. ఒక రోజు బడినుంచి వస్తూ గుడ్డసంచిలో కాసిన్ని బియ్యం తెచ్చి, ఎవరికీ చెప్పకుండా చిన్న గిన్నెలో వండి, నెయ్యి వేసి, అరుగు మీదికి తెచ్చి పెట్టింది.

"అత్తా, ఇంట్లోదే. తినండి."

మా అమ్మ పళ్ళెంలోకి చూడను కూడా చూడలేదు.

"వద్దు పాపా. నీ భూమి సెడిపోతాది."

మా ఆవిడ పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. వంటింట్లో ఆమె ఏం చేసిందో నేను చూడలేదు. గిన్నెలు తోమే చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది, తోమాల్సిన గిన్నెలకన్నా ఎక్కువసేపు.

కాసేపటికి ఎదురింటినుంచి మూతగిన్నె రానే వచ్చింది. నేను నా కొర్రన్నం పళ్ళెంతో పోయి అరుగు మీద మా అమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె మూత తీసింది. తెల్లటి ఆవిరి నా ముఖానికి తగిలింది.

"ఒక్క ముద్ద పెట్టుమా," అన్నాను.

ఆమె అన్నం కలుపుతూనే నా వైపు చూసింది. చిన్నప్పుడు నేను అబద్ధం చెప్పి దొరికిపోయినప్పుడు చూసినట్టు కాదు, ఎవరో బయటివాణ్ణి చూసినట్టు. గిన్నెను ఒళ్ళో ఇంకొంచెం అటు జరుపుకుంది.

"పో నాయనా, పో. లోపల నీ పెండ్లాం ఒక్కతే భూమిని మోస్తాంది. పోయి ఒక పక్క పట్టుకో."